ఆ చెప్పులు కరవలేదు

కరోనా గురించి మాట్లాడే అవకాశం మా బజారులో అందరికీ వచ్చింది, నాకు తప్ప. ఆక్సిజన్ సిలిండర్లు మోసినవాళ్లు చెప్పుకున్నారు. అన్నం పొట్లాలు పంచినవాళ్లు ఫొటోలతో సహా చెప్పుకున్నారు. మా ఎదురు కొట్టు పళ్లాయన, రుచి తెలియని రోజుల్లో పచ్చి ఉల్లిగడ్డను జామకాయ అనుకుని సగం తినేసిన సంగతి ఇప్పటికీ ప్రతి దావత్‌లో చెబుతాడు, జనం ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వుతారు. నేను నోరు తెరిస్తే మాత్రం "మళ్ల గా చెప్పుల ముచ్చటేనా?" అని ఎవరో ఒకరు ఛాయ్ తేవడానికి లేచిపోతారు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా చివరిదాకా కూర్చుని వినలేదు. అందుకే రాస్తున్నాను. రాసినదాని మధ్యలో ఎవరూ లేచి ఛాయ్ పెట్టలేరు.

కొత్తగూడెం బజారులో మా తాత కాలం నుంచీ మాకు చెప్పుల కొట్టు ఉంది. ఇప్పుడు అద్దాల వెనక కంపెనీ బూట్లు కూడా పెట్టాను గాని, లోపల పీట మీద కూర్చుని చేత్తో తోలు చెప్పులు కుట్టడం మానలేదు. మా అబ్బా, అంటే నాన్న, నేర్పిన పద్ధతి ఒకటుంది. చెప్పు పూర్తయ్యాక పట్టీ లోపలి అంచును చెంపకేసి రాసుకుని చూడాలి. ఏ మాత్రం గీసుకున్నా మళ్లీ చెక్కాలి. ఆ తర్వాత లోపలంతా ఆముదం పట్టించి ఒక పూట నీడలో వదిలేయాలి. అప్పుడే అది గిరాకీ కాలికి ఎక్కాలి. "మీ చెప్పు కరిచింది" అన్న మాట ఆయన బతికుండగా వినలేదు, నేనూ వినలేదు. గని నుంచి షిఫ్టు దిగి వచ్చే వాళ్లు "భాయ్ కాడ కొంటే అదే దినం పెండ్లికి ఏస్కపోవచ్చు" అనేవాళ్లు. నాకున్న పేరల్లా అదొక్కటే. చదువు పేరు లేదు, ఆస్తి పేరు లేదు.

ఆ పేరు పోగొట్టింది బయటివాళ్లెవరూ కాదు, మా సొంత అక్క. మేం ఆపా అంటాం. ఇంట్లో మేం మాట్లాడుకునేది సగం ఉర్దూ, సగం తెలుగు. చదివేవాళ్ల కోసం ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను. ఆపా ఇల్లు మా కొట్టు వెనక వీధిలోనే. ఆమె నాకు చేసినవి ఇంకా ఉన్నాయి. నా పెళ్లి దావత్‌లో నాకే ముక్క లేని బిర్యానీ పెట్టింది ఆమే. వాళ్ల కొత్త ఇంట్లో దావత్ చేసినప్పుడు ఊరందరికీ ఫోన్ చేసి, నాకు మాత్రం పాలవాడితో కబురు పంపింది. అవన్నీ ఎప్పుడో వదిలేశాను. చెప్పుల సంగతి వదలను.

రెండో వేవ్ నడుస్తున్న ఏడాది రంజాన్ అది. ఉదయం కాసేపు బజారు తెరిచేవాళ్లు, తర్వాత పోలీసు జీపు ఈల వేసుకుంటూ వస్తే టపటపా షట్టర్లు పడిపోయేవి. ఉపవాసాల మధ్యలో బావకు పాజిటివ్ వచ్చి మేడ మీద గదిలో పడుకున్నాడు. ఆపాకు జ్వరమూ దగ్గూ వచ్చాయి. వాళ్ల అమ్మాయి, అంటే నా మేనకోడలు, అప్పుడే పరీక్షలు రాయకుండా పదో తరగతి పాసైన పిల్ల. దానికి మాత్రం ఒక పూట ఒళ్లు వెచ్చబడి తగ్గిపోయింది. టెస్టు చేయిస్తే నెగెటివ్. "నాకు కరోనా కూడా పరీక్ష పెట్టకుండనే పాస్ చేసింది మామూ" అని ఫోన్‌లో నవ్వింది.

ఏటా పండక్కి దానికి ఒక జత కుట్టడం నా అలవాటు. ఆ ఏడు కాలి కొలత తీసుకోవడానికి వాళ్లింటికి వెళ్లే వీల్లేదు. పిల్లే పాత కేలెండరు కాగితం మీద పాదం పెట్టి పెన్సిలుతో గీసి, మడిచి గేటు మీద నుంచి విసిరింది. ఎదిగే వయసు కాబట్టి వేలెడు ఎక్కువ పెట్టి కుట్టాను. మెరూన్ రంగు తోలు, పట్టీ మీద చిన్న జరీ పువ్వు. చెంపకేసి రాసుకున్నాను. ఆముదం పట్టించాను. పండుగ ముందు రోజు ఒక సంచిలో వేసి వాళ్ల గేటుకు తగిలించాను. ఆ రోజుల్లో ఏ ఇంటి గేటు చూసినా ఒక సంచి వేలాడుతుండేది. కూరగాయలు, మందులు, వండిన అన్నం, అన్నీ అలాగే వచ్చేవి, అలాగే పోయేవి. ఎవరి గేటుకు ఏం వేలాడుతోందో చూసి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో వీధి వీధంతా చెప్పేయగలిగేది.

పండుగ నమాజు ఇళ్లల్లోనే చదువుకున్నాం. పిల్ల ఆ చెప్పులేసుకుని వంటింటి నుంచి ముందు గదిదాకా నాలుగుసార్లు నడిచి, నాకు వీడియో కాల్‌లో చూపించి, తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టేసింది. మా ఇళ్లలో గడప లోపల చెప్పులతో తిరగడం తప్పు కాబట్టి ఆపా ఆ నాలుగుసార్లకే కేకలేసింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఆ చెప్పులు గడప దాటలేదు.

పండుగ వెళ్లిన కొన్నాళ్లకు ఒక ఉదయం షట్టర్ తీద్దామని వచ్చేసరికి, దాని పక్క కొక్కేనికి ఒక సంచి వేలాడుతోంది. నేను తగిలించిన సంచే. లోపల నేను కుట్టిన చెప్పులే. ఆపా పక్కనే నిలబడి ఉంది, మొహానికి రెండు మాస్కులు, ఆ రెండింటి వెనక నుంచి కూడా గొంతు రైల్వే స్టేషన్‌దాకా వినపడుతోంది.

"నీ చెప్పులు పిల్లని కరిచినయ్ రా! వేళ్లన్నీ వాచి, నేరేడుపండ్ల లెక్కయినయ్!"

"నేను కుట్టిన చెప్పులు కరవవు ఆపా."

"మరి నేను కరిచిన్నా?"

పళ్లాయన అరటిగెల కోస్తూ ఆగిపోయాడు. కూరగాయల కోసం వచ్చినవాళ్లు గీసిన వృత్తాల్లోంచి మెడలు చాచారు. దుకాణాలు తెరిచే ఆ కాస్త సమయంలో ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు కదా, ఆమె సరిగ్గా ఆ సమయమే చూసుకుని వచ్చింది. "భాయ్ చెప్పులు కరుస్తున్నయంట" అని పళ్లాయన పక్క కొట్టు ఆయనతో అన్నాడు, మెల్లగా కూడా కాదు.

"ఇంట్లో నాలుగడుగులు నడిస్తే ఏ చెప్పైనా కరుస్తదా?" అన్నాను.

"మంచి చెప్పయితే కరవదు" అంది ఆపా. అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే పిల్లకు షోరూమ్ నుంచి కంపెనీ సాండిల్స్ తెప్పించిందని తెలిసింది. కర్ఫ్యూలో, వాచిన కాళ్లకు, వేసుకుని పోవడానికి చోటే లేని రోజుల్లో. నన్ను అవమానించడానికి కాకపోతే మరెందుకు?

కోపం ఒక పక్క ఉన్నా, పిల్ల పాదాలు చూడాలనిపించింది. గేటు దగ్గర నిలబడి చూపించమన్నాను. వేళ్లన్నిటికీ ఎర్రటి పట్టు వేసి ఉంది. బెణికిన చోట వేసే పసుపూ సున్నమూ కలిపిన పట్టు. తెల్ల సున్నం, పసుపు కలిస్తే ఎర్రగా అవుతుందని మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆపా వీడియో కాల్ చేసిన డాక్టరమ్మకు ఆ సంగతి తట్టలేదు. ఫోను పాదాల దగ్గర పెట్టగానే ఆవిడ గొంతు మారిపోయింది.

"అయ్యో, రక్తం! ఎప్పటి నుంచి కారుతోంది?"

"రక్తం గాదమ్మా, పసుపు సున్నం" అంది ఆపా.

"పుండు మీద సున్నం పెట్టారా?"

"పుండు గాదమ్మా. చెప్పు కరిచింది."

"కరవలేదు మేడం!" అని నేను గేటు బయటి నుంచి అరిచాను. డాక్టరమ్మ ఇక ప్రశ్నలు ఆపేసింది. పట్టు కడిగేసి, పిల్లను తీసుకుని రేపు ఉదయం క్లినిక్‌కు రండి, గేటు బయట ఉన్నాయన కూడా రావచ్చు అంది.

బావకు ఇంకా నీరసం తగ్గలేదు. ఆపాకు ఎండ పడదు. కాబట్టి నా స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను. పట్టు కడిగాక చూస్తే ఆపా చెప్పినట్టే ఉంది. రెండు పాదాల వేళ్ల చివర్లూ ఉబ్బి, ఎరుపు తిరిగిన ఊదా రంగులో ఉన్నాయి. మండుతున్నాయట, దురద కూడానట. డాక్టరమ్మ పిల్లల డాక్టరు. భూతద్దం పెట్టి, వేళ్లు నొక్కి, అడుగున తిప్పి చూసింది. ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చిందా అని అడిగింది. వచ్చిందని చెబితే తలూపింది.

"మంచు కురిసే దేశాల్లో చలికి కాలి వేళ్లు ఇలా వాస్తాయి" అంది.

బయట రోడ్డు మీద తారు కరిగి నా స్కూటరు స్టాండు అందులో దిగబడుతోంది. మా కొత్తగూడెం ఎండ సంగతి తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. "మేడం, చలి ఇక్కడెక్కడిది?" అన్నాను.

"అదే కదా విచిత్రం. ఈ కరోనా రోజుల్లో చలి లేకుండానే పిల్లలకు, ముఖ్యంగా ఈ వయసు పిల్లలకు ఇలాంటి వేళ్లు కనిపిస్తున్నాయి. చాలామందికి జ్వరం కూడా పెద్దగా ఉండదు. టెస్టులో కూడా చాలాసార్లు ఏమీ రాదు. అందుకే దీనివల్లే అని నూటికి నూరుపాళ్లు చెప్పలేం. కొందరికి ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, కొందరికి చెమటకాయల్లాంటి పొక్కులు వస్తాయి. ఎక్కువగా వాటంతటవే పోతాయి. ఇవీ పోతాయి."

"కరోనా అని గట్టిగా చెప్పలేకపోతే పోనీండి మేడం. చెప్పు కాదని మాత్రం గట్టిగా చెప్పండి."

పిల్ల నోరు మూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ కూడా మాస్కు వెనక నవ్వింది, కళ్లలో తెలిసింది. "చెప్పు కరిస్తే పట్టీ తగిలిన చోట కరుస్తుంది. ఇది పట్టీ అందని చోట, వేళ్ల చివర్ల ఉంది. అడుగున కూడా ఉంది. చెప్పు కాదు."

"ఆ ముక్క మందుల చీటీ మీద రాసివ్వండి."

"చెప్పుల గురించి మందుల చీటీ మీద రాయరండీ."

ఆవిడ మంచి డాక్టరే, కాదనను. కానీ ఒక్క వాక్యం రాసి ఉంటే నాకు ఇన్నేళ్ల బాధ తప్పేది. బదులుగా పట్టులు వేయొద్దని, సున్నం చర్మాన్ని కాలుస్తుందని మందలించింది. లేచేటప్పుడు నవ్వు మాని ఇంకొక మాట చెప్పింది. కరోనా వచ్చిపోయిన కొన్ని వారాలకు ఏ పిల్లకైనా జ్వరం తగ్గకుండా పట్టుకుని, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, కళ్లెరుపు, పెదాలు పగలడం, కడుపునొప్పి కలిసి వస్తే అది వేరే సంగతి, ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాలి అంది. బజారులో అందరికీ చెప్పమంది. చెప్పాను. ఆ మాట అందరూ విన్నారు. చెప్పు కాదన్న మాటే ఎవరూ వినలేదు.

ఆపా అయితే సగమే విని తేల్చేసింది. "డాక్టరమ్మ గట్టిగ చెప్పలేదు గదా?"

"కరోనా అని గట్టిగ చెప్పలేదు. చెప్పు కాదని గట్టిగనే చెప్పింది."

"నువ్వు అడిగి చెప్పిచ్చుకున్నవ్. నాకు తెల్వదా నీ సంగతి?"

వానలు మొదలయ్యేనాటికి పిల్ల వేళ్లు మామూలుగా అయ్యాయి, పై పొర పొట్టులా రాలి కింద కొత్త చర్మం వచ్చింది. పిల్ల గెంతుతూ తిరుగుతోంది. నా పేరు మాత్రం బాగుపడలేదు. లాక్‌డౌన్ ఎత్తేశాక కొట్టుకు వచ్చిన మొదటి గిరాకీ చెప్పు చేతిలోకి తీసుకుని "కరవదు గద భాయ్?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మా అబ్బా కూర్చున్న పీట మీద కూర్చుని నేను ఆ మాట విన్నాను.

సంతలు మళ్లీ తెరిచాక ములకలపల్లి సంతకు చెప్పుల మూట వేసుకుని వెళ్లాను. ఇది ఏళ్లుగా ఉన్న అలవాటే. నా పక్కన అడవి ఊరి నుంచి వచ్చిన ఒక తల్లీ కూతురూ విస్తరాకుల కట్టలు పెట్టుకుని కూర్చున్నారు. కూతురిది మా పిల్ల వయసే. కాళ్లు చాపి కూర్చుంది. నాకు ముందు మొహాలు కనపడవు, పాదాలే కనపడతాయి, మా పని అలాంటిది. ఆ పిల్ల వేళ్ల చివర్లు ఊదా రంగు తేలి, పొట్టు లేస్తున్నాయి.

"ఏమైందమ్మా వేళ్లకు?" అన్నాను.

"మా ఊళ్లె అందరికీ జరాలొచ్చినయ్" అంది తల్లి. "దీనికి జరం రాలే. కాళ్లకు గిట్ల అయింది. తునికాకు కోయ పోతే ముండ్లు గుచ్చుకున్నయేమో అనుకున్నం."

"ముండ్లయితే నాకు తెల్వదా?" అంది కూతురు. "మంట మంట ఉండె. ఇప్పుడు తగ్గింది."

నా మూట పక్కకు నెట్టి ముందుకు వంగాను. "అప్పుడు ఏ చెప్పులు వేసుకున్నవమ్మా?"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "చెప్పులా? నాకు చెప్పులేడియి? ఏస్కుంటే గద కరిసేది!"

నేను కరవడం మాటే ఎత్తలేదు. తనంతట తానే అంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మా పెద్దవాడు పుట్టినప్పుడు కూడా కలగలేదని చెబితే మా ఆవిడ ఊరుకోదు గాని, అది నిజం. చెప్పు ఎక్కని పాదానికి కూడా అవే వేళ్లు! డాక్టరమ్మ చెప్పిన హెచ్చరిక తల్లికి చెప్పాను, పిల్లను దవాఖానాలో ఒకసారి చూపించమన్నాను. "సూపిచ్చినం. తగ్గిపోతది అన్నరు" అంది. సరే, నా పని మొదలుపెట్టాను.

"ఒక్కసారి కొత్తగూడెం వచ్చి మా అక్కకు ఈ మాట చెప్పు బిడ్డా. బస్సు ఎక్కించి తీసుకుపోయి, మళ్లీ తెచ్చి దింపుతా."

"నీ అక్కతోని నాకేంది కొట్లాట?" అంది.

"పోనీ కాళ్ల ఫొటో తీసుకోనా?"

"తీస్కో. మొఖం రావద్దు." ఫోను జేబులో పెట్టుకుంటుంటే మళ్లీ అంది. "నా కాళ్లు ఊకెనే కొంటబోతవా? ఓ జత ఇయ్యరాదు!"

తల్లి కసిరింది. కానీ న్యాయమే కదా. అక్కడే అట్ట ముక్క మీద దాని పాదం గీసుకుని, వచ్చే సంతకు ఒక జత కుట్టి తెచ్చాను. వేసుకుని సంత ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చి, "కరుస్తలేవు తాతా" అంది. తాతా అన్నందుకు కొంచెం నొచ్చుకున్నాను. సాక్షి కాబట్టి ఊరుకున్నాను.

ఫొటో తెచ్చి ఆపా ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల చెప్పులేస్కోలేదా?"

"వేసుకోలేదు."

"అందుకే దీన్ని చెప్పు కరవలేదు. మా పిల్ల ఏస్కుంది, కరిచింది. ఇందుల ఏం గొడవుంది?"

మేనకోడలు ఎంత నవ్విందంటే దాని చేతిలోని ఛాయ్ ఒలికి నా చొక్కా మీద పడింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి ఎన్నో రంజాన్లు వచ్చి వెళ్లాయి. పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, నేను కుట్టిన జతే వేసుకుని కాలేజీకి పోతుంది, వాళ్లమ్మకు చెప్పకుండా. ఆ మెరూన్ చెప్పులు మాత్రం ఏమయ్యాయో నాకు తెలియలేదు. ఆపా వాపసిచ్చిన సంచిని అలాగే పిల్ల చేతికిచ్చేశాను, అంతవరకే గుర్తు.

మొన్న మా చిన్నవాడి నిశ్చితార్థానికి బంధువులంతా మా ఇంటికి వచ్చారు. గుమ్మం బయట చెప్పుల కుప్ప పడింది. లోపల అందరూ ఖుబానీ కా మీఠా తింటుంటే, నేను అలవాటు కొద్దీ ఆ కుప్పను సర్దుతున్నాను. అడుగున ఒక మెరూన్ జత కనపడింది. జరీ పువ్వులో సగం రాలిపోయింది. మడమ ఒక పక్కకు అరిగి పల్చబడింది. తోలు పాదానికి అచ్చు పోసినట్టు లొంగింది. ఎడమ బొటనవేలు పక్కకు వంగి ఉన్న గుర్తు అందులో స్పష్టంగా ఉంది. మా ఇంట్లో ఆ వేలు ఇద్దరికే ఉంది, మా అమ్మీకి, ఆపాకు. అమ్మీ పోయి చాలా కాలమైంది.

అంత అరగాలంటే ఏళ్లు పడుతుంది. పాలకు, కూరగాయలకు, దర్గాకు, అన్నిటికీ తిరిగితే తప్ప మడమ అలా పోదు. నా దగ్గరకు తగువుకు వచ్చిన రోజుల్లో కూడా అవే వేసుకుని వచ్చి ఉంటుంది. పిల్లను పక్కకు పిలిచి అడిగాను.

"మీ అమ్మీ ఎప్పటి నుంచి వేసుకుంటోంది?"

"నా కాళ్లు తగ్గినప్పటి నుంచే మామూ" అంది నవ్వు ఆపుకుంటూ. "వేరేవి ఏస్కుంటే మడమ నొస్తదంట. నీకు చెప్పొద్దని ఒట్టేపిచ్చుకుంది."

నిశ్చితార్థం రోజు గొడవ పెట్టుకునే మనిషిని కాను. ఆ జతను చంకలో పెట్టుకుని కొట్టుకు వెళ్లిపోయాను. కుప్పంతా వెతికి వెతికి, చివరికి మా ఆవిడ స్నానాల గది చెప్పులేసుకుని ఇంటికి నడిచిందట ఆపా. దారంతా తిట్టుకుంటూ పోయిందని పళ్లాయన చెప్పాడు.

చెప్పులకు కొత్త మడమ వేశాను. జరీ పువ్వు మళ్లీ కుట్టాను. పట్టీ అంచు చెంపకేసి రాసుకున్నాను, పట్టులా ఉంది. ఆముదం పట్టించాను. ఒక సంచిలో వేసి, ఆమె తగిలించిన చోటే, నా షట్టర్ పక్క కొక్కేనికి, బజారంతా చూసేలా తగిలించాను. నిన్న ఆ దారిన పోతూ ఆపా ఒకసారి సంచి వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. కుంటుతోంది.

ఆపాకు తెలుగు చదవడం రాదు. మేనకోడలు చదివి వినిపిస్తుంది, మాటిచ్చింది. కాబట్టి విను ఆపా. చెప్పులు నీవే, ఎప్పుడైనా వచ్చి తీసుకుపో. ముక్క లేని బిర్యానీ సంగతి అడగను, పాలవాడి కబురు సంగతి అడగను. బజారు నిండా జనం ఉండే వేళ చూసుకుని రా, ఆ రోజు వచ్చినట్టే. సంచి మీద చెయ్యి వేసే ముందు పళ్లాయనకు కూడా వినపడేలా ఒక్క మాట చెప్పు. అవి కరిచాయా, లేదా?